మంచు గాలివానలో మరొకరి కారు

లైప్‌జిగ్‌లో మేముండే ఇంటికి కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. పిల్లలకు పియానో నేర్పి, ఇప్పుడు మానేశారు. ఆవిడ బాల్కనీ కటకటాలకు గాలి వేగం కొలిచే గిన్నెల చక్రం ఒకటి బిగించి ఉంటుంది. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలో మెట్ల మీద ఆవిడ ఎదురైతే, నాకొచ్చిన అరకొర జర్మన్‌లో, "అది ఇప్పటిదాకా చూపించిన పెద్ద గాలి ఎంత?" అని అడిగాను. ఆవిడ చేతిలోని సంచీ కింద పెట్టేశారు. ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఉంటున్నా, ఆ చక్రం చేసే చప్పుడు గురించి ఫిర్యాదు చేసినవాళ్లే తప్ప అది ఏం చూపించిందని అడిగినవాళ్లు లేరట.

నాకీ పిచ్చి హైదరాబాద్‌లో పట్టుకుంది. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, వానను రాడార్‌లో వెంటాడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. "కీసర దిక్కు మబ్బు లేస్తున్నది" అని ఒకరు, "ఉప్పల్‌ల ఇగ దంచుడే" అని ఇంకొకరు. గ్రూపు నడిపేది కరీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్. అందరికీ ఆయన అన్న. ఆయనకు నేను చెల్లె. పెళ్లయింది, ఉద్యోగం మీద జర్మనీ వచ్చాం, బిడ్డ పుట్టింది, కానీ ఆ గ్రూపు మాత్రం వదల్లేదు. ఇక్కడి మంచు ఫోటోలు పెడితే, మంచు కళ్లజూడని ఆ వానపిచ్చోళ్లు అడిగే ప్రశ్నలు నన్ను తికమక పెట్టేవి. "చెల్లె, అది పడేటప్పుడు చప్పుడైతదా?" అని అన్న ఒకసారి అడిగాడు. నేను రెండు రోజులు చెవులు రిక్కించి కూడా ఖాయంగా చెప్పలేకపోయాను.

జనవరి చివర ఒక శుక్రవారం రాత్రి పొద్దుపోయాక ఆవిడ మా తలుపు తట్టారు. చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

"ఈ రాత్రి వస్తోంది. చాలా వేగంగా వస్తోంది" అన్నారు.

ఆవిడ చెప్పింది స్నో స్క్వాల్ గురించి. మన మాటల్లో చెప్పాలంటే మంచుతో వచ్చే గాలివాన. గాలివాన లాగే ఉన్నట్టుండి మీద పడుతుంది, ఉరుముతుంది, కాసేపు ముందున్నది ఏదీ కనపడనివ్వదు, తన దారిన తను పోతుంది. వాయవ్యం నుంచి ఒక గీతలా దేశమంతా ఊడ్చుకుంటూ వస్తోందట. దాన్ని ఎదురుగా చూడాలని ఆవిడా ఆవిడ తమ్ముడూ ఊరికి పడమట హైవే మీద మిట్టన ఉన్న విశ్రాంతి స్థలానికి వెళ్తున్నారు. అక్కడ లారీలు ఆగుతాయి, దీపాలుంటాయి, చుట్టూ అంతా పొలాలే.

"వెనక సీటు ఖాళీగా ఉంది. మీకు రావాలని ఉందా?"

మా ఆయన వంటింట్లో నుంచి అంతా విన్నాడు.

"గింత రాత్రి దానికి ఎదురుపోవుడేందే? వాళ్లంటే పని లేనోళ్లు."

"దూరం కాదు. జల్ది వస్త."

"జల్ది వచ్చుడు నీ చేతులున్నదా, ఆ మంచు చేతులున్నదా?"

అంటూనే ఫ్లాస్కులో చాయ్ పోసి ఇచ్చాడు. ఆరేళ్ల మా పాప పడుకునే బట్టల్లో వచ్చి, "ఇష్ విల్ ఔహ్ మిట్" అంది. తనూ వస్తానని. దాన్ని భుజాన వేసుకుని ఆయన లోపలికి తీసుకుపోయాడు.

ఆవిడ తమ్ముడు ఒకప్పుడు భూములు సర్వే చేసేవారట. సన్నగా, పొడుగ్గా ఉంటారు. అక్క ఏది చెప్పినా ముందు కాదంటారు, తరవాత ఆలోచిస్తారు. ఆయనది చిన్న కారు, ముదురు రంగు. నేను వెనక సీట్లో, ఆవిడ వెనకే, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

విశ్రాంతి స్థలంలో లారీలు వరసగా నిద్రపోతున్నాయి. వాటికి ఇవతల నాలుగైదు కార్లు, ఒక చివర తెల్లటి దీపాలతో టాయిలెట్ల గది. కంచె అవతల పొలాల్లో గాలిమరలు. వాటి తలల మీద ఎర్ర దీపాలు అన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతున్నాయి. గాలి పెద్దగా లేదు. అంత చలి కూడా లేదు. ఏదో వస్తుందంటే నమ్మాలనిపించని రాత్రి.

ఆవిడ టాబ్లెట్‌లో తనలాంటి వాతావరణపిచ్చి ఉన్నవాళ్ల గ్రూపు తెరిచారు. వాయవ్యాన ఉన్న ఊళ్ల నుంచి సభ్యులు ఒకరి తరవాత ఒకరు రాస్తున్నారు. ఒకాయన మొదలైందన్నాడు. ఆయనకన్నా ముందే దాన్ని చూసి ఉండాల్సిన ఊరి మనిషి, మా దగ్గర ఇంకా ఏమీ లేదన్నాడు. ఇద్దరికీ ఇవతల ఉన్న ఒకామె, వచ్చి వెళ్లిపోయిందని రాసింది.

"గీత రెండుగా చీలింది" అన్నారు ఆవిడ.

"గీత చీలలేదు. వాళ్ల గడియారాలు చీలాయి" అన్నారు తమ్ముడు.

ఈ లోపల నా ఫోన్లో అన్న. మాకు అర్ధరాత్రి దాటితే ఆయనకు తెల్లవారుజాము. లేచి, పళ్లు కూడా తోముకోకుండా జర్మనీ రాడార్ తెరుచుకుని కూర్చున్నాడు. వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక కోడి కూస్తోంది.

"చెల్లె, నేన్ ఈడనే కూసున్న. మీ దాంక రావాలంటే ఇంక పదిహేను కిలోమీటర్లున్నది. పరేషాన్ కాకుండ్రి. చాయ్ తాగుండ్రి."

సరిగ్గా అప్పుడే గాలిమరల ఎర్ర దీపాలు ఆరిపోయి, మళ్లీ వెలగలేదు.

"అదిగో! మింగేసింది. వచ్చేసింది" అన్నారు ఆవిడ.

"కాదు. ఇప్పుడు కొత్త పద్ధతి. పైన విమానం ఉంటేనే ఆ దీపాలు వెలుగుతాయి, లేకపోతే ఆర్పేస్తారు. విమానం వెళ్లిపోయింది, అంతే."

"ఇప్పటిదాకా వెలిగాయి కదా?"

"ఇప్పటిదాకా విమానం ఉంది."

నేను ముగ్గురి మధ్యా ఇరుక్కున్నాను. అక్క వచ్చేసిందంటారు, తమ్ముడు విమానమంటారు, కరీంనగర్ నుంచి అన్న పదిహేను కిలోమీటర్లంటాడు. రాడార్ చూడటం వచ్చినవాళ్లే ముగ్గురూ. కళ్లు నాకూ ఉన్నాయి కదా, నేనే చూసొస్తాననిపించింది. కంచె దాకా వెళ్లి వస్తానని చెప్పి దిగాను. వాళ్లు వాదనలో ఉన్నారు. విన్నారో లేదో.

చివరి లారీ దాటి కంచె దగ్గర నిలబడ్డాను. ఎదురుగా ఉత్త నలుపు. నక్షత్రాలు లేవు, దీపాలు లేవు. దూరంగా రైలు పోతున్నట్టు ఒక మోత. అక్కడ పట్టాలు లేవన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. కళ్లద్దాల మీద టిక్కుమని ఏదో పడింది. చేయి చాపితే అరచేతిలో సగ్గుబియ్యం లాంటి తెల్లటి గుండ్లు. వాటిని సరిగ్గా చూసేలోపే గాలి నన్ను వెనక్కి తోసింది. ఆ తరవాత అంతా తెలుపే.

చీకట్లో తప్పిపోవడం నాకు తెలుసు. చిన్నప్పుడు కరెంటు పోతే గోడలు తడుముకుంటూ నడిచినదాన్నే. ఇది అలా లేదు. ఇక్కడ చుట్టూ వెలుతురు ఉంది. స్తంభాల దీపాల కాంతి మంచులో కలిసి అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తోంది. అందుకే ఏ వైపు ఏదో తెలియలేదు. లారీ పక్క చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని నడిచాను. లారీ అయిపోయింది. ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఒక చిన్న కారు, ముదురు రంగుది, నడుముకు తగిలింది. వెనక తలుపు తీసి లోపల పడ్డాను. తలుపు లాగి మూయడానికే రెండు చేతులూ కావాల్సి వచ్చింది.

"అబ్బ, వచ్చేసింది!" అన్నాను జర్మన్‌లో.

ముందు నుంచి జవాబు లేదు. రికార్డు చేసుకుంటున్నారేమో అనుకుని నేనూ మాట్లాడకుండా స్కార్ఫ్‌తో కళ్లద్దాలు తుడుచుకున్నాను. పెట్టుకుని చూస్తే ముందు సీట్లో ఆవిడ నెరిసిన తలకు బదులు పెద్ద పెద్ద ఆకులు. ఒక్క క్షణం నా బుర్ర ఆ ఆకులను కూడా ఆవిడ తలగానే సర్దుకోవాలని చూసింది. అది ఒక మొక్క. కుండీతో సహా సీటు బెల్టు పెట్టి ఉంది.

నడిపే సీట్లోంచి ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి వెనక్కి తిరిగింది. ఇరవై దాటి ఉంటుందేమో. మొహం పాలిపోయి ఉంది.

"మీకు దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మీ కారు దేన్నైనా గుద్దిందా?"

"లేదు... ఇది మా కారు కాదా?"

"కాదు. ఇది మా అమ్మ కారు."

క్షమించమని నాకు తెలిసిన మాటలన్నీ కలిపి అంటూ తలుపు పిడి మీద చేయి వేశాను. అప్పుడు మెరిసింది. మెరుపు మనం చూసే మెరుపులా గీతగా లేదు. ఆ తెలుపంతా ఒక్కసారి నీలంగా వెలిగింది, కారు ఒక బల్బు లోపల ఉన్నట్టు. వెంటనే ఉరుము. మంచులో ఉరుము అంత మొద్దుగా ఉంటుందని నాకు తెలియదు. పరుపు మీద బండరాయి పడేసినట్టు ఉంది.

"వెళ్లకండి. దయచేసి ఉండండి" అంది ఆ అమ్మాయి. నా మంచికి అన్నదో, తనకు భయమై అన్నదో తెలియలేదు. రెండు సీట్ల మధ్య నుంచి చేయి వెనక్కి చాపింది. పట్టుకున్నాను. తడి గ్లవుజు ఉందని గుర్తొచ్చి, తీసేసి మళ్లీ పట్టుకున్నాను.

ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. గాలికి కారు ఊగుతోంది. ఆ పిల్ల న్యూరెన్‌బర్గ్‌కు మకాం మారుతోందట. కొత్త ఇంటి తాళాలు తీసుకోవడానికి పొద్దున్నే టెర్మిన్, అంటే ముందే ఖాయం చేసుకున్న టైం, ఉంది. సామానంతా ముందే పంపింది, మొక్క మాత్రం వేరేవాళ్ల చేతుల్లో పెట్టబుద్ధి కాలేదు. ఇంత జరిగినా నేనెవరినో, తన కారులోకి ఎందుకొచ్చానో అడగలేదు. నేనే చెప్పబోయాను. వాతావరణం అంటే ఇష్టమని, దీన్ని చూడటానికే వచ్చామని. నా జర్మన్‌లో అది సరిగ్గా రాలేదు. నేను వాతావరణ శాఖ మనిషిననుకుంది.

అంతలో తడి వేలు తగిలి ఫోన్లో అన్న గొంతు గట్టిగా మొదలైంది.

"చెల్లె, ఇంక రాలే మీ దాంక. జర్ర టైం పడ్తది. కెమెరా తయారు పెట్టుకో."

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. "ఎవరు?"

"మా అన్న."

"ఏమంటున్నాడు?"

"మంచు ఇంకా మా దగ్గరికి రాలేదంటున్నాడు."

ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

"ఆయన ఎక్కడున్నాడు?"

"ఇండియాలో."

"ఇండియా నుంచి మనల్ని చూస్తున్నాడా?"

"రాడార్‌లో."

"మరి మనం ఆయనకు కనపడటం లేదా?"

ఆ అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. అవి నవ్వుకు వచ్చినవో, భయానికి వచ్చినవో, వదిలి వస్తున్న ఇంటి మీద బెంగకు వచ్చినవో నాకు తేలలేదు. నేనూ నవ్వాను. నా కళ్లూ తడిశాయి. నాకైతే ఏ ఇంటి బెంగా లేదు.

తరవాత ఎవరో కుళాయి కట్టేసినట్టు అంతా ఆగిపోయింది. గాలి ఒకటి రెండుసార్లు కొట్టి ఊరుకుంది. చుక్కలు కనపడ్డాయి. మా కారు నేననుకున్న దిక్కున లేదు, వెనక పక్క ఉంది. లారీకి అవతలి వైపు నుంచి నడిచినట్టున్నాను.

"మీరు వాతావరణం వాళ్లు కదా, ఇప్పుడు నేను బయలుదేరొచ్చా?" అని అడిగింది.

వెళ్లిపోయింది కాబట్టి పోవచ్చు అనిపించింది. అది కూడా న్యూరెన్‌బర్గ్ ఉన్న దక్షిణం వైపే పోయింది కదా, వద్దు అనిపించింది. అన్న చెప్పిన ప్రకారమైతే అసలది ఇంకా రానే లేదు.

"ఒక్క నిమిషం. అడిగొస్తాను" అని దిగి పరుగెత్తాను.

మా కారు తలుపు తీయగానే ఆవిడ టాబ్లెట్ మీద నుంచి తల ఎత్తకుండానే, "తలుపు వేయండి, చలి వస్తోంది. టాయిలెట్ దగ్గర నుంచి బాగా కనిపించిందా?" అన్నారు.

"టాయిలెట్ ఏమిటి? ఈవిడ ఇందాకటి నుంచి వెనకే ఉన్నారుగా" అన్నారు తమ్ముడు. "ఎంత వేగం ఉండొచ్చని నేను అడిగితే 'యా' అన్నారు."

నేను అక్కడ లేను. ఆయనకు 'యా' అన్నది ఎవరో ముగ్గురం ఎంత ఆలోచించినా తేలలేదు.

జరిగింది ఆదరాబాదరాగా చెప్పి, ఆ అమ్మాయి వెళ్లొచ్చా అని అడిగాను. ఆయన మొహం మారిపోయింది.

"వద్దు. ఇప్పుడు వెళ్తే దాని తోకను పట్టుకుంటుంది. వేగంగా నడిపిందంటే మళ్లీ దాని కడుపులోకే పోతుంది. రోడ్డు కూడా గడ్డకడుతోంది. అరగంట ఆగమనండి."

ఆవిడ తల ఊపారు. ఆ రాత్రి అక్కాతమ్ముళ్లు ఒప్పుకున్న మొదటి మాట అది.

వెనక్కి పరుగెత్తాను. కారు లేదు. తెల్లటి నేల మీద కారు నిలబడిన మేర నల్లగా ఉంది, అంతే. పక్కన ఒక పెద్ద లారీ అప్పుడే కదిలిపోయినట్టు చక్రాల జాడలు, వాటి కింద చిన్న జాడలు నలిగిపోయి ఉన్నాయి. అవి ఎటు తిరిగాయో తెలియడం లేదు. మన దగ్గర 'ఒక్క నిమిషం' అంటే అది నిమిషం కాదు, ఎంతసేపైనా కావచ్చు. ఇక్కడివాళ్లకు నిమిషమంటే నిమిషమే. అది దాటగానే వెళ్లిపోయి ఉంటుంది అనుకున్నాను.

అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, అది వచ్చింది, పోయింది కూడా."

"అరే, ఎట్లా? నాకు ఇప్పుడే మీ మీదికి వస్తున్నట్టు కనవడ్తుంది... ఆగు." పేజీ మళ్లీ తెరుస్తున్నట్టున్నాడు. "అయ్యో చెల్లె, ఈ బొమ్మ పాతదే. పేజీ ఎప్పుడో ఆగిపోయింది, నేన్ చూసుకోలే. తప్పయింది."

"ఇప్పుడు ఎటు పోతున్నదన్నా?"

"ఆగ్నేయం. మీరున్న పెద్ద రోడ్డు దక్షిణంకు పోతది గదా, దాని మీదికెళ్లే పోతున్నది." తరవాత గొంతు తగ్గించి, "చప్పుడైందా?" అని అడిగాడు.

"అయింది."

"ఎట్లున్నది?"

మామూలు రోజైతే గంటసేపు చెప్పేదాన్ని. "మల్ల చెప్త అన్నా" అని పెట్టేశాను.

తమ్ముడు తాను చెప్పిన అరగంట తానూ పాటించారు, కారు కదపలేదు. ఆవిడ నా చేతి మీద చేయి వేసి, "చిన్నపిల్ల కాదు. మెల్లగా నడుపుతుంది" అన్నారు. ఆవిడకు తెలిసి అన్నారా, నా కోసం అన్నారా? చాయ్ పోసుకున్నాను, తాగలేకపోయాను. ఫోన్లో ప్రమాదాల వార్తలు వెతికితే ఉత్తరాన పడిన చెట్ల గురించే వచ్చాయి.

చివరికి బయలుదేరాం. కారు నడక కన్నా కొంచెం వేగంగా కదిలింది. విశ్రాంతి స్థలం నుంచి హైవేలోకి ఎక్కే దారి మొదట్లో, లారీల వరస దాటాక, ఒక చిన్న కారు రెండు పక్కలా దీపాలు టిక్కుటిక్కుమంటూ ఆగి ఉంది. కిటికీకి తల ఆనించి ఉన్ని టోపీ. పక్కన ఆకులు.

"ఆపండి!" అన్నాను తెలుగులో. ఆయన ఆపేశారు.

ఆవిడే దిగి కిటికీ మీద తట్టారు. ఆ అమ్మాయి కళ్లు తెరిచి, ఆవిడను దాటి నన్ను చూసింది.

"మీరు ఒక్క నిమిషం అన్నారుగా, ఆగాను" అంది. "పక్క లారీ ఆయన బయటికి తీయాలన్నాడు, అందుకని ఇక్కడికి జరిపాను. మీరు మళ్లీ తప్పిపోయారేమో అనుకున్నాను."

నేను తప్పిపోయానని ఆ పిల్ల, పిల్ల తప్పిపోయిందని నేను. ఇద్దరం ఆ అరగంటా ఒకే ఆవరణలో కూర్చున్నాం. ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇంత తియ్యగా ఉంటుందా!" అని, మిగతాదంతా తాగేసింది. ఇప్పుడు వెళ్లొచ్చని, వంతెనల మీద మాత్రం జాగ్రత్త అని తమ్ముడు ఒకటికి రెండుసార్లు చెప్పారు. తరవాతి ఎగ్జిట్ దాకా ఆ కారు వెనకే వెళ్లాం. మేం పక్కకు తిరిగినప్పుడు అది రెండుసార్లు దీపం ఆర్పి వెలిగించింది. పేర్లు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంటిదారిలో కొన్నిచోట్ల రోడ్డు తెల్లగా, మరికొన్నిచోట్ల ఏమీ జరగనట్టు నల్లగా, పొడిగా ఉంది. ఆవిడ గ్రూపులో రాయడానికి వివరాలు సర్దుకుంటున్నారు. మొదలైన సమయం దగ్గరే అక్కాతమ్ముళ్లకు కుదరలేదు. నా వైపు తిరిగారు.

"బయట నిలబడింది మీరొక్కరే. గాలి ఎటు నుంచి కొట్టింది?"

"అన్ని వైపుల నుంచీ."

"అలా కొట్టదు."

"తెలుసండీ. కానీ నాకు అలాగే అనిపించింది."

ఆవిడ తమ ఇద్దరి లెక్కలూ రాసి, కింద ఒక మాట చేర్చారు. మూడో పరిశీలకురాలు ఆ సమయంలో వేరే కారులో ఉన్నారు. ఎందుకని గ్రూపులో ఎవరో అడిగారట.

మెట్ల దగ్గర విడిపోతూ, ఇకనుంచి 'జీ' వద్దు, 'డూ' అనుకుందాం అన్నారు. అంటే మీరు పోయి నువ్వు. మా అమ్మకన్నా పెద్దావిడను నువ్వు అనడం ఎలాగో నాకు తెలియలేదు. సరేనంటూ ఒకే వాక్యంలో రెండూ కలిపేశాను. ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు.

ఇంట్లో మా ఆయన సోఫాలో కూర్చునే నిద్రపోతున్నాడు. పాప ఆయన ఒళ్లో. తలుపు చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"చూసినవా?"

"ఏమో."

"ఏమో ఏందే? గందుకే గదా పోయింది?"

"పొద్దున చెప్త."

పాప సగం నిద్రలో, "ఇస్ట్ ఎస్ వెగ్?" అని గొణిగింది. అది పోయిందా అని.

"పోయింది బిడ్డా. పండుకో" అని, చలికి బిగుసుకున్న బూట్ల తాళ్లు విప్పుకుంటూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.